తమ్ముడి హెడ్‌ఫోన్లలో మోగిన తుడుము

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు భయం కన్నా ముందు చిరాకు వచ్చేది. నేను అరకులో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసినదాన్ని. మొదటి పదకొండేళ్ళు ఆపరేటర్ని, అంటే చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని బోర్డు ముందు కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి కలిపే ఉద్యోగం. లైన్లో ఎవరో ఏడుస్తున్నారనీ, పోయిన మావగారి గొంతు వినబడిందనీ చెప్పేవాళ్ళు ప్రతి వానాకాలం ఒకరిద్దరు తగిలేవారు. కేబుల్ జాయింటులోకి నీళ్ళు దిగితే పక్క లైను మాటలు ఇటు వచ్చేస్తాయి. "మీ మావగారు కాదండీ, పక్క లైన్లో ఎవరో పెళ్ళాంతో తగువు పడతన్నారు" అని చెప్పి, వాళ్ళు పెట్టేశాక నవ్వుకునేదాన్ని.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నమ్మమని అడగను. నమ్మకపోతే నాకే కొంచెం తేలిక. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేం గిరిజనులం, కొండదొరలం. మా ఊరు అరకుకి పడమట, కొండల వెనక. జీపు దిగాక నాలుగు కిలోమీటర్లు నడవాలి, అందులో సగం ఎక్కుడే. అమ్మ పోయేనాటికి నాకు పదహారు, తమ్ముడు లింగరాజుకి నాలుగు. నాన్న ఆ తర్వాత రెండేళ్ళే ఉన్నాడు. ఉద్యోగం రాగానే వాణ్ణి అరకు తెచ్చుకుని బడిలో వేశాను. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా తమ్ముడు చిన్నవాడు కదా అన్నాను. వాడు పెద్దవాడయ్యేసరికి అడిగేవాళ్ళే మానేశారు. దానికి నేనేం బాధపడలేదు. వాడు నన్ను మా వైపు అక్కని పిలిచే అలవాటుగా 'అప్పా' అనేవాడు. ఆ పిలుపుతో ఇల్లు నిండుగానే ఉండేది.

లింగా డిగ్రీ చదివి, అరకులోనే ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. కంప్యూటరు ఆటలంటే పిచ్చి. మిరియాల కోత ఉందంటే మాత్రం అన్నీ వదిలి ఊరెళ్ళిపోయేవాడు. మా ఊళ్ళో కాఫీ తోటల నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ పాకిస్తారు. ఒంటి వెదురు నిచ్చెన ఎక్కి కోయాలి. చిన్నప్పటి నుంచి కోసినవాడే. రెండువేల నాలుగు ప్రాంతంలో, అలా కోస్తూ, నిచ్చెన జారి వెల్లకిలా పడ్డాడు.

నలుగురు డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు. విశాఖలో రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాం. వెన్ను దెబ్బతింది, నడుం కింద స్పర్శ రాదు అని చెప్పారు. ఎప్పటికైనా వస్తుందా అని అడిగితే డాక్టరు చేతిలో కాగితం సర్దుకున్నాడు. ఇరవై మూడేళ్ళ మనిషిని మంచం మీద పడుకోబెట్టుకుని క్వార్టర్‌కి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడడం తగ్గించేశాడు. పొద్దున్న వాడికి ఒళ్ళు తుడిచి, మూత్రం గొట్టం సంచీ మార్చి, పుండ్లు పడకుండా పక్కకి తిప్పి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం పరుగున వచ్చి మళ్ళీ తిప్పేదాన్ని. గోడ వైపు తిప్పితే గోడనే చూసేవాడు. కిటికీ వైపు తిప్పితే కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు తలగడ కింద నిద్రమాత్రలు దొరికాయి. రాత్రికొకటి చొప్పున నేనిచ్చినవే, మింగకుండా దాచాడు. అన్నీ తీసి ఆఫీసు బ్యాగులో వేసుకున్నాను.

వాణ్ణి బతికించింది కంప్యూటరే. సెంటరు ఓనరు ఒక పాత కంప్యూటర్ని మంచం పక్కన పెట్టించి, పొట్ట మీద పలక వేసి కీబోర్డు అమర్చాడు. పాడుబడ్డ ఊరు ఒకటి ఉంటుంది, అందులో తుపాకీ పట్టుకుని ఒక సిపాయి తిరుగుతాడు, అలాంటి ఆట. నాకు గిట్టని ఆటలు. కానీ వారం తిరక్కుండా వాడు నాతో అన్న మాటకి నేను ఆ ఆటకి దణ్ణం పెట్టాను. "అందులో నడుస్తన్నానప్పా. మెట్లెక్కుతన్నాను" అన్నాడు.

ఆ ఆటకి కళ్ళ కన్నా చెవులు ముఖ్యమట. వెనక నుంచి ఎవరైనా వస్తున్నారా, పై అంతస్తులో అడుగులు పడుతున్నాయా అన్నది విని తెలుసుకోవాలి. స్పీకర్లు పెడితే పక్క క్వార్టర్ వాళ్ళు గోడ కొట్టేవారు. సెంటర్లో వాడే హెడ్‌ఫోన్లు తెచ్చాను. అవి బరువు. పైగా వాణ్ణి పక్కకి తిప్పినప్పుడల్లా తీగ వీపు కింద పడి లాగేసేది. నెల తిరిగేసరికి చెవి పైన ఎర్రగా ఒరుసుకుపోయింది. "ఒంట్లో సగానికి నొప్పే తెలీదు. మిగిలిన సగంలో చెవులు కూడా పోతే ఎలాగప్పా" అని నవ్వాడు. పడ్డాక వాడు నవ్వడం అదే మొదటిసారి. మర్నాడే సెలవు పెట్టి కిరండోల్ పాసింజర్లో విశాఖ వెళ్ళాను.

హెడ్‌ఫోన్లు ఎంచడంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండేళ్ళు తల మీద మోశాను. దుకాణంలో కుర్రాడు ముందు మెరిసేవి, రంగురంగులవి తీశాడు. నేను ఒక్కొక్కటీ పెట్టుకుని, గోడ గడియారం చూసుకుంటూ పావుగంట కదలకుండా కూర్చున్నాను. బిగువైన బ్యాండు మొదట బాగానే ఉంటుంది, పది నిమిషాలకి కణతలు నొక్కుతుంది. రెగ్జిన్ మెత్త చెమట పట్టి అంటుకుంటుంది. కప్పు చెవి మీద ఆనకూడదు, చెవి చుట్టూ ఆనాలి. పక్కకి తల వాల్చి బల్ల మీద పడుకుని కూడా చూశాను. దుకాణంలో ఉన్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూస్తే చూశారు.

చివరికి తీగ లేనిది ఒకటి దొరికింది. కంప్యూటరుకి తగిలించే చిన్న పెట్టె ఒకటి, అది రేడియోలాగా పంపిస్తుంది. చెవులకి పెట్టుకునేది అందుకుంటుంది. లోపల రెండు చార్జింగ్ బ్యాటరీలు. కుడి కప్పు మీద స్టేషను కుదుర్చుకోవడానికి చిన్న చక్రం. గుడ్డ మెత్తలు, తల మీద ఉన్నట్టే లేదు. కుర్రాడు ఏదో ఆట పెట్టాడు. నా వెనక, ఎడమ పక్కన, ఎవరో గచ్చు మీద నడిచొచ్చి ఆగారు. నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కుర్రాడు నవ్వాడు. పదకొండేళ్ళు తీగల మీద గొంతులు విన్న నన్నే మోసం చేసిందంటే ఇదే కావాలి అనుకున్నాను. దాన్ని ఎంచుకున్నది నేనే. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

మూడు వారాలు మా ఇంట్లో పండగ. వాడు అన్నం అడిగి తినేవాడు. మధ్యాహ్నం నేను వచ్చేసరికి ఎక్కడెక్కడ నడిచాడో, ఏ మేడ ఎక్కాడో చెప్పేవాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. వాడు మళ్ళీ మొండివాడయ్యాడని నేను మురిసిపోయాను.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. అరకులో ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికే మంచు దిగి ఎదురిల్లు కనబడదు. ఒకరోజు నేను వచ్చేసరికి కంప్యూటరు ఆపేసి ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. పాటలా అని అడిగాను.

"తుడుము ఇనబడతందప్పా. మనూరి తుడుమే."

తుడుము అంటే మా డోలు. కుండకి తోలు బిగించి కట్టింది. పండగకి ఒక దెబ్బ, వేటకి ఒక దెబ్బ, చావుకి ఒక దెబ్బ. చావు దెబ్బ మూడు కొట్టి ఆగి, రెండు కొట్టి ఆగుతుంది. అది చెవిన పడితే మా వాళ్ళు చేతిలో పని ఎక్కడిది అక్కడ వదిలేసి బయల్దేరతారు. నాగలి చాల్లోనే ఉండిపోతుంది. తగువులు పడి మాటల్లేనివాళ్ళు కూడా వెళ్తారు. విని కూడా వెళ్ళనివాణ్ణి ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ మనిషిగా చూడరు.

"ఏ దెబ్బరా?" అన్నాను.

"సావు దెబ్బ" అన్నాడు.

నేను ఆపరేటర్లా జవాబు చెప్పాను. ఈ పెట్టెలన్నీ రేడియోల్లాంటివే, ఎక్కడిదో ఏ స్టేషనో వచ్చి పడుతుంది, ఎవరో గిరిజన పాటల కార్యక్రమం వేసుంటారు అన్నాను. రెండో రోజు అదే మాట. మూడో రోజూ అదే. వచ్చేది మధ్యాహ్నం పూటే, మంచు దిగాక. "ఎనక నుంచి వస్తంది. ఎడం పక్క. మనూరు అటే కదా" అనేవాడు.

శుక్రవారం సంతకి మా ఊరివాళ్ళు అల్లం, పసుపు తెస్తారు. వెళ్ళి అడిగాను. తుడుము వాయించే బుద్రన్న మావే కనబడ్డాడు. ఊళ్ళో ఎవరూ పోలేదన్నాడు. పక్క ఊళ్ళల్లో కూడా లేదు. "పండగ అయిన్నాడు అటక మీద పెట్టీసినాను గుంటా. దించనేదు" అన్నాడు. నాకు ముప్పై అయిదు దాటినా ఆయనకి గుంటనే, చిన్నపిల్లనే. ఇంటికొచ్చి లింగాకి అదే చెప్పాను. వాడు ఆలోచించి, "అయితే ఆ దెబ్బ ఎవులికో ఇంకా తెలీదు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. నోర్మూసుకో అని కసిరాను.

సోమవారం మధ్యాహ్నం నేను వచ్చేసరికి కరెంటు పోయి ఉంది. కంప్యూటరు లేదు, దాని పక్కన పెట్టె మీద వెలిగే ఎర్ర లైటు లేదు. వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాడు. కరెంటే లేకుండా ఏం వింటావురా అన్నాను. వాడు తీసి నా చేతికిచ్చాడు.

నేను పెట్టుకున్నాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చెబుతాను. పెట్టె ఆరిపోతే ఆ హెడ్‌ఫోన్లలో సూ మని రొద రావాలి. అంతకు ముందు చాలాసార్లు వచ్చింది, నాకు తెలుసు. ఆ రొద లేదు. నిశ్శబ్దంలో దూరంగా తుడుము మోగుతోంది. మూడు, ఆగి రెండు. స్టేషను ఏదో దొరికింది అనుకున్నాను. పెట్టె తీగని గోడ ప్లగ్గు నుంచి కూడా పీకేశాను. తేడా లేదు.

అప్పుడు ఇంకో పని చేశాను. హెడ్‌ఫోన్లలో శబ్దం తలతో పాటు తిరుగుతుంది. ఎడమ చెవిలో మోగేది మనం ఎటు తిరిగినా ఎడమ చెవిలోనే మోగుతుంది. ఆఫీసు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న తిరిగే కుర్చీ ఒకటి మా ఇంట్లో ఉండేది. అందులో కూర్చుని నెమ్మదిగా తిరిగాను. ఎడమ చెవిలో ఉన్న తుడుము ముందుకొచ్చింది. ఇంకా తిరిగాను. కుడి చెవిలోకి వెళ్ళింది. నేను తిరుగుతున్నాను, అది తిరగడం లేదు. మంచం పక్క గోడ వైపే ఉంది. అటు పడమర. హెడ్‌ఫోన్లు తీసేస్తే వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకుంటే ఉంది. రెండుసార్లు చూశాను.

తీయకుండా వింటూనే ఉన్నాను. కాసేపటికి దెబ్బ మెత్తబడింది. తోలు తడిసినప్పుడు అలా బొదబొదమంటుంది. ఆగిపోయింది. చిటపటమని మంట చప్పుడు. వానలో తోలు సడలితే గడ్డి మంట మీద కాచి బిగువు తెస్తారు, నేను చిన్నప్పుడు చూసిందే. మళ్ళీ మొదలైంది, ఈసారి ఖణేల్‌మని. దాని మీద ఒక ఆడమనిషి గొంతు లేచింది. ఏడుపు. "నీ కాళ్ళు నాను మోత్తాను, లెగు తమ్మీ, లెగు" అని.

ఎవరి గొంతో నేను పోల్చుకోలేదు. తెలిసిన గొంతులాగే ఉంది, ఎవరిదో తట్టలేదు. చెవిలో అక్కర్లేని గొంతు పడితే నా చెయ్యి నా మాట వినదు. పదకొండేళ్ళ అలవాటు. కప్పు మీద ఉన్న చక్రం తిప్పేశాను.

సూ మని రొద వచ్చింది. చక్రం వెనక్కి తిప్పాను. రొదే. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పాను. అంతా రొదే.

లింగా నా మొహమే చూస్తున్నాడు. "కట్ సేసీసినావా అప్పా?" అన్నాడు. వాడు కోప్పడి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు జాతరలో వాడి చేతిలో బూర నేను పగలగొట్టినప్పుడు ఇలాగే చూశాడు.

ఏం వినబడింది అని అడిగాడు. ఆడమనిషి సంగతి చెప్పలేదు. ఏదో గొడవ, స్టేషను పోయింది అన్నాను. ఆ తర్వాత వాడికి కూడా తుడుము వినబడలేదు. రెండు రోజులు ప్రయత్నించి మానేశాడు. మూడో రోజు నన్ను కూర్చోమని, "ఊరెల్దామప్పా" అన్నాడు.

వాడి మాట వాడిదే చెబుతాను. "ఇన్నోడు ఎల్లాల. నువ్వూ ఇన్నావు, నానూ ఇన్నాను. అది నాకే అనుకో. అయితే మాత్రం, పేణం ఉండగా ఎల్తే తప్పేటి? మనకాడ డోలీలో కిందికి దిగినోడు నడిసెక్కాల, నేదంటే సచ్చి ఎక్కాల. నాను నడవలేను. బతికుండి ఎక్కుతాను. అమ్మ ఇంటి అరుగు మీద కూకుంటాను. బేగి ఎల్దాం అప్పా."

వాడు చెప్పింది నిజమే. మా కొండల్లో డోలీ బతికున్న మనిషిని కిందికి, ఆసుపత్రికి దించుతుంది. పైకి అందులో వెళ్ళేది శవమే. బతికున్న మనిషి డోలీలో పైకెక్కడం నేనూ చూడలేదు.

నేను ఒప్పుకోలేదు. దారి బురద, జారితే నలుగురూ లోయలోకే. నడుం దగ్గర పుండు ఇంకా మానలేదు, కుదిపితే చీము పడుతుందని డాక్టరు చెప్పాడు. ఊళ్ళో గొట్టం మార్చేవాళ్ళు లేరు. ఇవన్నీ నిజాలే. కానీ అసలు కారణం అవి కాదు. చావు తుడుము మోగిన ఊరికి వాణ్ణి నా చేతులతో తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు. నమ్మనిదాన్ని నమ్మినట్టు భయపడ్డాను, నమ్మినవాళ్ళు చేయాల్సిన పని మాత్రం చేయలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

"వానలు తగ్గాక చూద్దాంలే" అన్నాను. హెడ్‌ఫోన్లు పాడయ్యాయని చెప్పి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. పాతవి, తీగవి ఇచ్చాను. వాడు పెట్టుకోలేదు. ఆట ఆడలేదు. కంప్యూటరు మీద దుమ్ము పడింది. నన్ను మళ్ళీ ఊరు మాట అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదాన్నో తెలీదు. పక్కకి తిప్పినప్పుడు మాత్రం పడమటి గోడ వైపు తిప్పమనేవాడు.

రెండు వారాలకి జ్వరం వచ్చింది. మూత్రంలో చీము అన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. విశాఖ తీసుకెళ్ళడానికి జీపు మాట్లాడాను. జీపు వచ్చే రోజు పొద్దున్న తొమ్మిదింటికి వాడికి వేడినీళ్ళు పెట్టి, వంటింట్లోంచి తెచ్చేసరికి అయిపోయింది. ఎంత సేపు? స్టవ్ మీద నీళ్ళు కాగేంత సేపు. కళ్ళు గోడ వైపే ఉన్నాయి.

ఆ జీపులోనే ఊరి దారి మొదలు దాకా తీసుకెళ్ళాను. కబురందుకున్న మా వాళ్ళు డోలీ కట్టుకుని అక్కడికి దిగి వచ్చారు. వాన. నేను డోలీ వెనక నడిచాను. బురదలో రెండుచోట్ల జారారు కానీ ఎవరూ లోయలో పడలేదు. మోసేవాళ్ళు మోశారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. గంటన్నరలో పైకి చేరాం. ఇంత సులువుగా ఎక్కుతుందా అనుకున్నాను. ఆ ఆలోచనకి నా గుండె పగిలిపోయింది.

మా ఇంటి ముందు పడుకోబెట్టారు. బుద్రన్న మావ అటక మీది తుడుము దించి మొదలుపెట్టాడు. మూడు, ఆగి రెండు. మధ్యాహ్నం మూడు అయి ఉంటుంది, మంచు దిగుతోంది. నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఏడవమ్మా, ఏడిస్తే తేలిక అని చిన్నమ్మలు అంటున్నారు.

కాసేపటికి దెబ్బ మెత్తబడింది. బొదబొదమంది. బుద్రన్న మావ ఆపి, "తోలు తడిసిపోనాది, గడ్డి తెండి" అన్నాడు. చూరు కింద మంట వేసి తుడుముని కాచాడు. మంట చిటపటమంది.

అప్పుడు నాకు తెలిసింది. తర్వాత రావాల్సింది ఏమిటో నాకు తెలుసు. చుట్టూ ఆడవాళ్ళ మొహాలు చూశాను. వాణ్ణి తమ్మీ అని పిలిచే హక్కున్న మనిషి అక్కడ ఇంకెవరూ లేరు. ఎవరి గొంతయినా వాళ్ళకి బయట నుంచి వినబడదు. పదకొండేళ్ళు అందరి గొంతులూ విన్నాను, నా గొంతు నేనెప్పుడూ వినలేదు.

పళ్ళు బిగబట్టుకున్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను ఆ మాటలు అనకపోతే అది అబద్ధమైపోతుంది, అబద్ధమైతే వాడు లేస్తాడు అన్న పిచ్చి ఆశ. తుడుము మళ్ళీ లేచింది, ఖణేల్‌మని. చిన్నమ్మ ఒకామె, నేను ఉక్కిరిబిక్కిరి అవుతున్నానని భయపడి, నోట్లో కొంగు లాగేసింది. నా నోట్లోంచి ఆ మాటలే వచ్చాయి. ఒక్క అక్షరం తేడా లేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మా ఆఫీసుకి వచ్చే ఒక ఇంజనీరుకి పేర్లు చెప్పకుండా మొత్తం వివరించాను. మంచివాడు, ఓపికగా విన్నాడు. బ్యాటరీలు దిగిపోతుంటే ఇలాంటి యంత్రాలు దగ్గరలో ఉన్న ఏ రేడియోనైనా పట్టుకోవచ్చు అన్నాడు. ఆ మాటలు నేను ముందు విన్నానని అనుకుంటున్నాను కానీ, అక్కడ ఏడ్చిన తర్వాతే మనసు వాటిని వెనక్కి తీసుకెళ్ళి పెట్టి ఉంటుంది, దుఃఖంలో అలా జరుగుతుంది అన్నాడు. కుర్చీ సంగతి అడిగితే అది మాత్రం తనకీ తెలీదన్నాడు. ఆయన చెప్పిందే నమ్మాలని చాలా ప్రయత్నించాను. ఒక్కోరోజు నమ్ముతాను కూడా.

వాడు పోతాడని ముందే తెలిసి పిలిచారా, పిలిచారు కనక పోయాడా, నాకు తెలీదు. నేను చక్రం తిప్పకుండా ఇంకాసేపు వింటే ఆ గొంతు నాదేనని పోల్చుకునేదాన్నా? పోల్చుకుంటే మర్నాడే డోలీ కట్టించి, వాణ్ణి బతికుండగా అమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టేదాన్నా? ఇది ఏ ఇంజనీరూ చెప్పలేడు. వాడు నన్ను అడిగింది కాళ్ళు కాదు, ప్రాణం కాదు, నాలుగు కిలోమీటర్ల దారి.

పెద్దదినం దాకా ఊళ్ళోనే ఉన్నాను. అది అయ్యాక సంచీ పట్టుకుని ఒక్కదాన్నే కిందికి నడిచి వచ్చాను. మేం వాణ్ణి పైకి మోసిన మూడో రోజు నుంచి వాన లేదు. దారంతా ఎండిపోయి ఉంది.